చచ్చిన ఆవుకి సాక్ష్యం

మా చెల్లెలు అమెరికాలో ఉంటుందంటే అందరూ న్యూజెర్సీయా, డాలసా అనడుగుతారు. రెండూ కాదు, దక్షిణ డకోటా రాష్ట్రంలో రాపిడ్ సిటీ అంటే, పాపం అన్నట్టు చూస్తారు. ఊరు దాటితే కనుచూపుమేర గడ్డి, గడ్డి మధ్య నల్లచుక్కల్లా ఆవులు. వాటిని మేపే రాంచర్లని సినిమాల్లో చూసి గుర్రమెక్కిన శూరులనుకుంటాం గానీ, బ్యాంకు అప్పులూ, దరఖాస్తులూ వాళ్లకీ ఉన్నాయి.

చెల్లెలి పక్కింటావిడ పుట్టిల్లు అలాంటి పశువుల మకాం. అక్కడెవరు ఏ కబురు మొదలుపెట్టినా 2013 అక్టోబరు దగ్గరికే వస్తుంది. ఆ నెల మొదటి వారంలో ముందు వాన కురిసింది, ఆ తడి ఆరకముందే మంచుతుపాను విరుచుకుపడింది. చలికాలం ఇంకా రాలేదు కదా, ఆవులు వేసవి బీళ్లలోనే ఉన్నాయి, ఒంటిమీద చలికాలపు బొచ్చు పెరగలేదు. గాలి ఎటు తోస్తే అటు నడుస్తూ, కంచెలు దాటి, వాగుల్లో పడి, రోడ్ల పక్కన ఒరిగిపోయి, వేలకి వేలు చచ్చిపోయాయి.

ఇలాంటప్పుడు ఆదుకోవడానికి వాళ్ల ప్రభుత్వానికి పశునష్ట పరిహార పథకం ఒకటి ఉంది. మామూలుగా చచ్చేవాటిని మినహాయించి, తుపాను వల్ల అదనంగా పోయినవాటికి సగటు మార్కెట్ ధరలో 75 శాతం ఇస్తారు. ఉంది అన్నాను గానీ, సరిగ్గా అప్పుడు లేదు! దాని గడువు 2011 సెప్టెంబరుతోనే తీరిపోయింది. కొత్త వ్యవసాయ చట్టం పార్లమెంటులో నలుగుతోంది. పైగా బడ్జెట్ తగాదాతో ఆ అక్టోబరు 1 నుంచి 16 దాకా కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకి తాళాలు. చెప్పుకుందామంటే వినే గుమస్తా కూడా లేడు.

అయినా లెక్కలు రాసి పెట్టుకోమని అందరూ చెప్పారుట. మన దగ్గర పంచనామా అంటామే, అలాంటిదే. కుళ్లిపోయేలోగా కళేబరాల్ని గోతుల్లోకి చేర్చాలి, చేర్చేలోగా ఫోటోలు తియ్యాలి, చెవిబిళ్ల నంబరు రాసుకోవాలి. పక్కింటావిడ అన్నగారు కళ్లు తుడుచుకుంటూనే రాశాడట. ఎందుకు రాస్తున్నాడు? ఇంకా పుట్టని చట్టం కోసం! తన చేత్తో పాలసీసా పట్టి పెంచిన దూడ శవాన్ని నిలబడి ఫోటో తియ్యడమంటే ఎలా ఉంటుందో, ఆ నిబంధన రాసినాయనకి తెలుసా అని నా అనుమానం. కానీ సాక్ష్యం అడక్కపోతే లేని ఆవులు కూడా చచ్చిపోతాయనీ తెలుసు నాకు. మన ఊళ్లు మనం చూడలేదూ?

ప్రభుత్వం కంటే ముందు తోటి రైతులే కదిలారు. పక్క రాష్ట్రం మోంటానా వాళ్లు మొదలుపెడితే, ఎక్కడెక్కడివాళ్లో తమ మందల్లోంచి పెయ్యల్ని ఇచ్చారు. చట్టం 2014 ఫిబ్రవరి 7న వచ్చింది. వెనకటి నష్టాలకీ వర్తింపజేశారు కాబట్టి ఆ నోటు పుస్తకాలు అక్కరకొచ్చాయి. దరఖాస్తులు ఏప్రిల్‌లో తీసుకున్నారు.

చెక్కులొచ్చాయి, కొన్ని మకాములు నిలబడ్డాయి. అయితే మూడు తరాలుగా ఏరి ఏరి పెంచిన మంచి జాతి ఆవుకీ, నిన్న సంతలో కొన్నదానికీ పట్టికలో ఒకటే రేటు. అక్టోబరులో ఆవులు చాలామటుకు చూడివే కదా, కడుపులో దూడ మాటేమిటని అడిగాను. అప్పుడు దానికి లెక్కే లేదు. 2025లో వచ్చిన చట్టంలో పుట్టని దూడకీ పరిహారం చేర్చారు, 2024 నుంచి జరిగిన నష్టాలకి. ఆ మాట చెబితే పక్కింటావిడ, తన అన్న ఆ పుస్తకంలో చూడి ఆవుల పక్కన అప్పట్లోనే గుర్తు పెట్టుకున్నాడంది.