చాలని ఋజువులు

కళాశాలలో చదువుకొను యువకులు ఒక సందేహముతో నాయొద్దకు వచ్చుచుందురు. "అయ్యగారూ, అన్యుల తత్త్వశాస్త్రము చదివినచో మా విశ్వాసము చెడదా?" ఈ ప్రశ్న క్రొత్తది కాదు. సుమారు ఎనిమిది వందల యేండ్ల క్రిందట లాటిను పండితులు దీనితోనే పెనగులాడిరి.

గ్రీకు తత్త్వవేత్తయగు అరిస్టాటిలు వ్రాసిన తర్కగ్రంథములను 6వ శతాబ్దమునందే బొయీతియసు లాటినులోనికి తెచ్చెను. ప్రకృతినిగూర్చిన గ్రంథములు మాత్రము 12వ శతాబ్దమువరకు వారికి అందలేదు. అప్పుడు కొందరు గ్రీకునుండియు, టొలేడో పట్టణములో క్రెమోనావాసియగు గెరార్డు మొదలగువారు అరబ్బీనుండియు వాటిని తర్జుమా చేసిరి.

లోకమునకు ఆరంభము లేదని అరిస్టాటిలు బోధించెను. ఇది ఆదికాండమునకు విరోధము గదా! 1210లో పారిసునందు సంఘాధికారులు ఆ గ్రంథములను చదువరాదని ఆజ్ఞాపించిరి. అయినను 1255లో అక్కడి విశ్వవిద్యాలయమే వాటిని పాఠ్యగ్రంథములుగా నిర్ణయించెను. నిషేధము నిలువలేదు, సమాధానము చెప్పవలసిన పని మిగిలెను.

ఆ పనికి పూనుకొనినవారిలో థామస్ అక్వినాసు ఒకడు. రోమా సంఘస్థుడైనను, ఇతనియొద్ద మనము నేర్చుకొనదగినది కలదు. లోకమునకు ఆరంభము కలదని తర్కముచేతనే చూపవచ్చునని అతని సమకాలికుడగు బొనవెంతూరా వాదించెను. థామసు దీనికి సమ్మతింపలేదు. లోకము అనాదియని అరిస్టాటిలు ఋజువు చేయలేదు. దానికి ఆరంభము కలదని మనమును తర్కముచేత ఋజువు చేయజాలము. దేవుడు బయలుపరచెను గనుక విశ్వసించుచున్నాము అని అతడు బోధించెను. చాలని ఋజువులు చూపినయెడల అవిశ్వాసులు నవ్వుదురనియు, మన విశ్వాసమునకు అవియే ఆధారములని తలంతురనియు హెచ్చరించెను.

ఇట్టి యథార్థతకు వెల కలదు. థామసు 1274లో మరణించెను. 1277లో పారిసు బిషప్పు ఖండించిన 219 వాక్యములలో కొన్ని అతని బోధనుకూడ తాకినవి. అతనికి తగిలినంతమట్టుకు ఆ ఖండనను 1325లో తీసివేసిరి.

ప్రియ సహోదరులారా, లోకములు దేవుని వాక్యమువలన కలిగినవని విశ్వాసముచేతనే గ్రహించుచున్నామని హెబ్రీ పత్రిక 11:3 మనకు నేర్పుచున్నది. ప్రసంగపీఠమునుండి మనము తొందరపడి చెప్పిన ఋజువు మరునాడు తరగతిలో విరిగిపోయినయెడల, దానితోకూడ క్రీస్తే ఓడిపోయెనని ఒక చిన్నవాడు తలంచవచ్చును. ఆ లెక్క మనము అప్పగింపవలసియుండును.

కావున యువకులతో నేను చెప్పునది ఇదే: చదువుడి. ఎదుటివాని మాటను అతడు చెప్పినట్లే గ్రహింపుడి. ఋజువు కలచోట చూపుడి. విశ్వాసముచేత ఎరిగినదానిని అట్లే ఎరిగితిమని సిగ్గుపడక ఒప్పుకొనుడి. సత్యవంతుడగు దేవుడు మన నోటికి కావలియుండును గాక.