వీసా వచ్చింది, ఉద్యోగం రాలేదు

పోయిన ఆదివారం మా పిన్ని కొడుకు హైదరాబాదు నుంచి ఫోన్ చేశాడు. వాడికి ఆస్ట్రేలియా పీఆర్ వచ్చి రెండు నెలలయింది. ఊళ్ళో స్వీట్లు పంచడం అయిపోయింది, ఇప్పుడు అసలు కథ మొదలైంది. "అన్నయ్యా, రోజుకి పది చోట్ల అప్లై చేస్తున్నా. ఒక్కడూ పలకట్లేదు. నా రెజ్యూమె బాలేదంటావా? లేక మనవాళ్ళంటేనే వీళ్ళకి పడదా?" అని అడిగాడు.

నవ్వొచ్చింది, కాస్త బాధ కూడా వేసింది. ఎందుకంటే 2017లో మియాపూర్ ఫ్లాట్‌లో కూర్చుని నేను అడిగిన ప్రశ్న అక్షరం పొల్లుపోకుండా ఇదే.

మాలాంటి వాళ్ళు ఎక్కువగా వచ్చేది 189 అనే వీసా మీద. దీనికి ఉద్యోగం ఆఫరు అక్కర్లేదు. వయసుకిన్ని, ఇంగ్లీషుకిన్ని, చదువుకిన్ని, అనుభవానికిన్ని అని పాయింట్లు వేస్తారు. సాఫ్ట్‌వేర్ వాళ్ళ చదువునీ, అనుభవాన్నీ ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ లెక్కగడుతుంది. నేను ఎంసీఏ చేసి తొమ్మిదేళ్ళు పని చేశానంటే, మొదటి రెండేళ్ళు నేర్చుకోడానికి పోయాయిలే అని కోసేసి ఏడేళ్ళు ఇచ్చారు. ఇంత జల్లెడ పట్టి, నీ నైపుణ్యం మా దేశానికి కావాలి అని ప్రభుత్వమే ఒప్పుకుంది కదా, ఇంక కంపెనీలు ఎర్ర తివాచీ పరుస్తాయి అనుకున్నా. అదే నేను చేసిన మొదటి పొరపాటు.

పిలిచింది ప్రభుత్వం. జీతం ఇవ్వాల్సింది కంపెనీ. ఈ రెండూ ఒకదాంతో ఒకటి మాట్లాడుకోవు!

అప్పట్లో నా దినచర్య చూసి మా ఆవిడకి భయం వేసేది. మెల్‌బోర్న్‌లో వేసవి కాలంలో గడియారాలు ఒక గంట ముందుకి జరుపుతారు, అప్పుడు మనకీ వాళ్ళకీ ఐదున్నర గంటల తేడా. అక్కడ ఆఫీసులు తెరిచే తొమ్మిదింటికి మనకి తెల్లవారుజామున మూడున్నర. అలారం పెట్టుకుని లేచి, ముఖం కడుక్కుని, ఫోన్ ముందర పెట్టుకుని కూర్చునేవాణ్ణి. నాలుగు నెలల్లో వచ్చిన ఫోన్లు మొత్తం ఆరు. అందులో ఐదింట్లో జావా గురించి ఎవరూ అడగలేదు. మొదటి ప్రశ్న ఒకటే: "మీరిప్పుడు ఎక్కడున్నారు?" హైదరాబాదు అనగానే, "ఇక్కడికొచ్చాక ఒకసారి ఫోన్ చెయ్యండి" అని మర్యాదగా పెట్టేసేవాళ్ళు.

ఆరోది మాత్రం ముప్పావుగంట మాట్లాడారు. అంతా నచ్చింది. చివర్లో ఎప్పుడు చేరగలరు అన్నారు. మన దగ్గర నోటీసు పీరియడ్ 90 రోజులు కదా, అదే చెప్పా. అటువైపు కాసేపు నిశ్శబ్దం. అక్కడ నాలుగు వారాలంటేనే ఎక్కువ. తరవాత మెయిలు రాలేదు.

మా నాన్నగారైతే ఒకటే మాట. "ఒరేయ్, మబ్బుల్లో నీళ్ళు చూసి ముంత ఒలకబోసుకుంటున్నావు." ఆయనకి నేనేం జవాబు చెప్పలేకపోయా.

చివరికి రాజీనామా ఇచ్చి, 90 రోజులూ పూర్తి చేసి, ఆవిడనీ పాపనీ విజయవాడలో మా అత్తగారింట్లో దింపి, 2018 ఫిబ్రవరిలో ఒక్కణ్ణే విమానం ఎక్కా. ఫిబ్రవరి ఎందుకంటే, డిసెంబరు సగం నుంచి జనవరి చివరి దాకా ఇక్కడ సగం ఊరు సెలవుల్లో ఉంటుంది, ఉద్యోగాలిచ్చే మేనేజర్లతో సహా. మొదటి ఉద్యోగానికి పదకొండు వారాలు పట్టింది. అదీ మూడు నెలల కాంట్రాక్టు, హైదరాబాదులో చేసినదానికంటే రెండు మెట్లు కింద. ఆ పదకొండు వారాల్లో రోజూ రాత్రి పాప ఫోన్లో "నాన్నా, ఆఫీసుకెళ్ళావా?" అని అడిగేది. "ఆఁ, వెళ్ళొచ్చానమ్మా" అని అబద్ధం చెప్పేవాణ్ణి.

ఇదంతా అయిపోయిన కథ అనుకున్నా. కానీ 2024లో మా టీముకి ఒక మనిషిని తీసుకునే పని నా మీద పడింది. ముప్పై చిల్లర రెజ్యూమెలు వచ్చాయి. అందులో ఒకటి హైదరాబాదు నుంచి. పీఆర్ ఉంది, అనుభవం మాకు కావలసిందే, రాసిన తీరు కూడా శుభ్రంగా ఉంది. మా ప్రాజెక్టు మొదలవ్వాల్సింది మూడు వారాల్లో. అతని నోటీసు 90 రోజులు. నేనేం చేశాననుకుంటున్నారు?

పక్కన పెట్టేశా. జవాబు కూడా రాయలేదు.

సాయంత్రం రైల్లో ఇంటికొస్తుంటే వెలిగింది, నా రెజ్యూమె అప్పుడు ఎందుకు పక్కకెళ్ళిందో. నన్ను తోసేసిన మనిషికి నా మీద ద్వేషమేం లేదు. అతనికి మూడు వారాల్లో మనిషి కావాలి, అంతే. ఊళ్ళో ఉన్నవాణ్ణి రేపు కాఫీకి పిలవచ్చు, పాత మేనేజరుకి ఫోన్ చేసి కనుక్కోవచ్చు. వీసా వచ్చాక కూడా రాకుండా ఉండిపోయేవాళ్ళూ, వచ్చి చూసి వెనక్కెళ్ళిపోయేవాళ్ళూ ఉంటారు, ఆ భయమొకటి. వివక్ష అసలే లేదని నేనను, ఇక్కడికొచ్చాక అదీ చూశా. కానీ నాకొచ్చిన ఆ ఐదు ఫోన్ల వెనక ఉన్నది మాత్రం ఎక్కువగా క్యాలెండరే అని ఇప్పుడు నా నమ్మకం. అయినా జవాబు రాయకపోవడానికి క్యాలెండరు కారణం కాదు, అది నా బద్ధకం. అప్పట్నుంచీ దూరం నుంచి వచ్చిన ప్రతి దరఖాస్తుకీ రెండు ముక్కలు రాస్తున్నా.

సరే, మా తమ్ముడికి చెప్పిందే మీకూ చెప్తా. అక్కణ్ణుంచి అప్లై చెయ్యడం మానొద్దు, కానీ ఉద్యోగం వస్తుందని కాకుండా, మార్కెట్టు తెలుస్తుందని చెయ్యండి. సీక్ లాంటి సైట్లలో రోజూ ప్రకటనలు చదివితే ఏ ఊళ్ళో ఏ టెక్నాలజీ అడుగుతున్నారో తెలిసిపోతుంది. రెజ్యూమెలో ఫొటో, పుట్టిన తేదీ, తండ్రి పేరు, పెళ్ళయిందా లేదా, ఇవన్నీ తీసెయ్యండి. పీఆర్ ఉందనీ, ఏ తేదీన దిగుతున్నారో అదీ పైనే రాయండి. టికెట్ కొన్నాక వచ్చే ఫోన్లు వేరుగా ఉంటాయి. జీతం చెప్పేటప్పుడు సూపర్ కలిపా, కాకుండానా అని అడగండి. అది మన పీఎఫ్ లాంటిది, 2025 జులై నుంచి 12 శాతం. ఆ తేడా చిన్నది కాదు.

రెండోది డబ్బు. మెడికేర్‌లో దిగిన వెంటనే చేరొచ్చు గానీ, ఉద్యోగం లేనివాళ్ళకిచ్చే భృతి కోసం, 2019 జనవరి తరవాత పీఆర్ వచ్చినవాళ్ళు మామూలుగా నాలుగేళ్ళు ఆగాలి. ఆరు నెలల ఖర్చు చేతిలో లేకుండా బయల్దేరొద్దు. ఉద్యోగం గ్యారంటీ అని లక్షలు అడిగేవాళ్ళ జోలికి అసలే పోవద్దు. స్పాన్సర్‌షిప్ కోసం డబ్బు తీసుకోవడం, ఇవ్వజూపడం రెండూ ఇక్కడ 2015 డిసెంబరు నుంచీ చట్టవిరుద్ధం.

అంతా విని వాడు చివర్లో, "అయితే రాజీనామా ఇచ్చెయ్యమంటావా అన్నయ్యా?" అన్నాడు. ఆ ఒక్కదానికి నేను సమాధానం చెప్పలేదు. నాకు దొరికింది కాబట్టి ధైర్యం అంటున్నా, దొరక్కపోయుంటే దాన్నే తెలివితక్కువతనం అనేవాణ్ణి. వాడి ముంతలో ఎన్ని నీళ్ళున్నాయో వాడికే తెలియాలి.

ఒక మాట మాత్రం చెప్పా. వచ్చాక ఉద్యోగం దొరికేదాకా ఇంట్లో వాళ్ళకి అబద్ధం చెప్పకు. మా పాపకి ఇప్పుడు పన్నెండేళ్ళు. ఆ మధ్య ఏదో మాటల్లో, "నాన్నా, నువ్వప్పుడు ఆఫీసుకి వెళ్ళట్లేదని అమ్మకి తెలుసు" అంది.