మాస్టారి సీడీ

"బాబూ, ఇందులో మా అత్తగారి ఫోటో ఉంది. పిల్లలు ఎంత ప్రయత్నించినా తెరుచుకోవటం లేదు," అంటూ బాగాన్ దాతోలో ఆ పెద్దావిడ నా చేతిలో ఓ సీడీ పెట్టారు. ఆవిడ భర్త, అందరికీ 'మాస్టారు', ఆదివారాలు పిల్లలకి తెలుగు చెప్పేవారు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి ఇక్కడి కొబ్బరి, రబ్బరు తోటల్లో పనిచేసిన మనవాళ్ళ పాత ఫోటోలు సేకరించి, కింద పేరు, ఊరు రాసి, 2004 ఉగాదికి స్లయిడ్లుగా చూపించారు. ఆయన పోయారు. అసలు ఫోటోలు చెదలపాలయ్యాయి. మిగిలింది ఆ సీడీయే.

ఫైలు పేరు చివర 'ఎస్‌ఎక్స్‌ఐ' అని ఉంది. ఓపెన్ ఆఫీస్ తొలి రోజుల పద్ధతి అది. ఆ 2004లోనే మలేషియా ప్రభుత్వం కూడా తన కార్యాలయాల కోసం ఓపెన్ సోర్స్ ప్రణాళిక ప్రకటించింది. మాస్టారు మాత్రం ఉచితంగా వస్తుందనే వాడి ఉంటారు! 2005లో దాని స్థానంలో ఓడీపీ వచ్చింది, 2006లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. నా ఆఫీసు కంప్యూటరు మాత్రం ఈ పాత ఫైలు తనకు తెలియదని చెప్పేసింది.

మీకొక చిట్కా. ఎస్‌ఎక్స్‌ఐ అయినా ఓడీపీ అయినా నిజానికి ఒక జిప్ మూట. కాపీ తీసుకుని, పేరు చివర 'జిప్' అని మార్చి విప్పండి. 'పిక్చర్స్' ఫోల్డర్లో బొమ్మలన్నీ ఉంటాయి. నాకు నలభై ఒక్క ఫోటోలు చెక్కు చెదరకుండా దొరికాయి. రాతలుండే 'కంటెంట్ డాట్ ఎక్స్‌ఎంఎల్' తెరిస్తే మాత్రం గుండె జారింది. తెలుగు లేదు, అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చి గుర్తులు. యూనికోడ్ కాని పాత ఫాంటు! ఇంగ్లీషు అక్షరాల చోట తెలుగు ముక్కలు గీసే రకం. ఫాంటు లేకపోతే పేర్లు లేవు. పేర్లు లేకపోతే అవి ఎవరివో తెలియని ముఖాలు.

చివరికి వాళ్ళ స్టోర్ రూములో మూలనపడ్డ కంప్యూటర్లో ఆ ఫాంటు దొరికింది. దాన్ని నా లాప్‌టాప్‌లో వేసి, లిబ్రే ఆఫీస్‌లో ఫైలు తెరిస్తే మాస్టారి తెలుగు కనిపించింది. అలాగే పీపీటీఎక్స్‌గా మార్చేస్తే, ఆ ఫాంటు లేని హాలు కంప్యూటర్లో మళ్ళీ అదే గోల. అందుకని అన్నీ యూనికోడ్‌లో కొత్తగా కొట్టాను. భద్రంగా ఓడీపీ ఒకటి, హాలు కోసం పీపీటీఎక్స్ ఒకటి, ఫాంటు లోపలే ఇమిడిపోయే పీడీఎఫ్ ఒకటి చేశాను. మార్చిన ఫైల్లో నాలుగైదు చోట్ల వరసలు జరిగిపోతే చేత్తో సర్దాల్సి వచ్చింది.

ఊళ్ళ పేర్లు సరిచూడమని ఆవిడ పక్కన కూర్చున్నాను. ముప్ఫయ్యో స్లయిడు కింద మాస్టారు 'పేరు తెలియదు' అని రాశారు.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, "తెలియకపోవటమేమిటి, మా మేనత్త కదూ! ఈయన నన్ను అడిగితేగా?" అన్నారు.

పేరు చెప్పారు. కొట్టాను.