రామగిరికి సైకిళ్ల ప్రయాణము

ఓషధులకుఁ బేరొందిన రామగిరి కోటకు గోదావరిఖని నుండి సెంటినరీ కాలనీ మీఁదుగాఁ బోవు త్రోవ సింగరేణి బొగ్గులారీలు తిరుగు త్రోవ. మా దంపతుల సైకిళ్లను ఎస్‌యూవీ బండితోఁ గొనిపోవుటకు మూఁడు మార్గములు గానవచ్చినవి.

బండి వెనుకఁ దగిలించు చట్రముపైకి సైకిలెత్తుట సులభమే. కాని దానిచే ఎఱ్ఱదీపములును నంబరుపలకయు మఱుఁగుపడరాదు. నంబరు కప్పుట చట్టవిరుద్ధము. బొగ్గుదుమ్ములో వెనుక వచ్చు లారీవానికి మన యునికిఁ దెలుపునది యా దీపమే.

బండికప్పుపైఁ జట్రము దీపములకడ్డురాదు. అయినను సుమారు 15 కిలోల సైకిలును తలకుమించి యెత్తుట స్త్రీలకుఁ గష్టము. తక్కువ యెత్తు ద్వారములకడ సైకిళ్లు తగులు భయమును గలదు.

కావున మేము వెనుకసీటు మడిచి, ముందుచక్రములూడఁదీసి, దుప్పటి పఱచి, సైకిళ్లను లోపలనే త్రాటితో బిగించితిమి. పిల్లలతోఁ బోవు సోదరీమణులకు సీట్లు వలయును గాన కప్పుచట్రమే మేలు. కప్పు మోయఁగల బరువును బండి పుస్తకములోఁ జూచి మఱి కొనుఁడు.