పడవలకు శీతనిద్ర

స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ దాపున బాల్టిక్ సముద్రంలో దీవులు వేలకు వేలు. వేసవిలో వాటి నడుమ తెరచాపలు కొంగల బారుల్లా సాగుతాయి. అక్టోబరు వచ్చిందా, ఆ సందడంతా ఒడ్డెక్కవలసిందే!

అక్కడి నీళ్ళలో ఉప్పు తక్కువ; చలికి సులువుగా గడ్డకడతాయి. అందుచేత పడవను క్రేనుతో పైకెత్తి, దన్నులు పెట్టి నిలబెడతారు. అడుగున పట్టిన పాచిని తడి ఆరకముందే కడగాలి. ఎండితే ఓ పట్టాన వదలదు. తెరచాపలను మంచినీట జాడించి, ఆరబెట్టి మడవాలి. చెమ్మ మిగిలితే బూజే.

అసలు భయం నీటితోనే. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. ఇంజనులో గిద్దెడు నీళ్ళు నిలిచిపోయినా ఇనుము పగలవచ్చు! కనుక గొట్టాల్లో గడ్డకట్టని ద్రావకం నింపుతారు. పైన టార్పాలిన్‌ను మన పూరింటి కప్పులా వాలుగా కడతారు, మంచు జారిపోవడానికి. ఇక వసంతం వచ్చేదాకా పడవకు నిద్ర, యజమానికి ఎదురుచూపు.