వంకర కర్రతో విల్లు

మా రంపచోడవరం, మారేడుమిల్లి కొండల్లో విల్లంటే ముందు వెదురే. కావలసినంత దొరుకుతుంది, నిటారుగా చీలుతుంది, పైతొక్కు దగ్గర నార దట్టంగా ఉంటుంది కాబట్టి గట్టిగా వంచినా తెగదు. ఒక పూటలో విల్లు తయారు. పిల్లకాయల విల్లులన్నీ అవే. కానీ మా కొండరెడ్లలో కొందరు పెద్దలు కర్ర విల్లు కూడా చేసేవారు. అందులో మా అమ్మ తండ్రి ఒకడు. ఆయన చేసేది తడ కర్రతో.

తడ మన అడవిలో అందరికీ తెలిసిన చెట్టే. కావిడి బద్దకి, గొడ్డలి కామకి దాన్ని మించింది లేదు. బరువు పడితే వంగుతుంది, బరువు తీస్తే లేస్తుంది. సంస్కృతంలో దీని పేరు ధన్వనం. ధనుస్సు అన్న మాటకు దగ్గర చుట్టం ఆ పేరు. అంటే ఈ చెట్టు విల్లుకు పనికొస్తుందని కనిపెట్టింది మనం ఒక్కళ్లమే కాదు, ఎప్పటివాళ్లో ఎక్కడివాళ్లో కూడా కనిపెట్టారు.

చిక్కేమిటంటే నిటారు తడ విల్లు దాకా రాదు. నిటారుగా ఎదిగింది ముందు ఇంటి వాసాలకు పోతుంది. మిగిలేది గాలివానకు విరిగిన కొమ్మ, పోడు గట్టున మోడు నుంచి లేచిన పిలక. అడవి హక్కుల చట్టం 2006లో వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది గానీ కలప చెట్టును చేర్చలేదు. కాబట్టి విల్లు కోసం చెట్టు కొట్టమని నేను ఎవరికీ చెప్పను. పడిన కొమ్మతోనే పని. పడిన కొమ్మ వంకరగా ఉంటుంది, ముడులుంటాయి, నార మెలి తిరిగి ఉంటుంది. మా తాత ముప్పాతిక విల్లులు అలాంటి కర్రతో చేసినవే. ఈ వ్యాసం ఆ పని గురించి.

మొదటి పని కర్రను చదవడం. తాత బెరడు తీసి రెండు మూడు రోజులు నీడలో పడేసేవాడు. ఆరేటప్పుడు పైన సన్నటి చీలికలు పడతాయి. అవి కర్ర పొడుగునా తిన్నగా పోతే నార తిన్నగా ఉన్నట్టు. పాము చుట్టుకున్నట్టు పోతే నార మెలి తిరిగినట్టు. పైకి నిటారుగా కనబడే కర్రలో కూడా మెలి ఉండొచ్చు. చూపుకి వంకరగా ఉన్నదాని నార చక్కగా ఉండొచ్చు. పైరూపం చూసి కర్రను పారెయ్యకూడదని అప్పుడు తెలిసింది.

తర్వాత చీల్చడం. మేకులు దిగ్గొట్టి నెమ్మదిగా చీల్చాలి. నేను ఒకసారి రంపం తెచ్చుకుంటానంటే తాత అన్నాడు: "రంపంతో కోస్తే నీ గీత వస్తాదిరా. చీలిస్తే చెట్టు గీత వస్తాది. విల్లుకి చెట్టు గీతే కావాల." కోత నారను అడ్డంగా తెంపుతుంది. విల్లు వంగినప్పుడు తెగిన చోటు నుంచే చిట్లుతుంది.

విల్లుకు రెండు ముఖాలు. వేటగాడి వైపుది కడుపు, ఎదటి వైపుది వీపు. వంచినప్పుడు వీపు సాగుతుంది, కడుపు నలుగుతుంది. అందుకే వీపు మీద కత్తి పెట్టకూడదు. బెరడు కింద ఉన్న ఒకే వయసు పొర ఈ కొప్పు నుంచి ఆ కొప్పు దాకా తెగకుండా ఉండాలి. ఆ పొర ఎక్కడ ఎత్తుగా ఉంటే వీపు అక్కడ ఎత్తుగా ఉంటుంది, ఎక్కడ పల్లమైతే అక్కడ పల్లం. సాపు చేద్దామన్న ఆశ వదులుకోవాలి. తీసేదంతా కడుపు వైపే. ఒరిగి పెరిగిన కొమ్మయితే తాత ఆకాశం వైపున్న సగాన్ని వీపుకు తీసుకునేవాడు. అటువైపు చెక్క చెట్టు బతికినన్నాళ్లూ కొమ్మ బరువును లాగి పట్టినది. సాగడం దానికి ముందే అలవాటు.

ముడి దగ్గర నార ఏటిలో రాయిని నీళ్లు చుట్టుకున్నట్టు రెండు పక్కలుగా చీలి మళ్లీ కలుస్తుంది. ముడిని చెక్కి సమం చేస్తే ఆ నీళ్లకు గండి కొట్టినట్టే. అందుకని వీపు మీద ముడి చుట్టూ కాస్త ఎక్కువ చెక్క దిబ్బలా వదిలెయ్యాలి. అక్కడ వెడల్పు కూడా పెంచాలి. పెద్ద ముడి వస్తే దాన్ని పిడికిలి పట్టే చోటికి వచ్చేలా విల్లు కొలత జరుపుకోవాలి. అక్కడ విల్లు వంగదు కాబట్టి ముడి వల్ల నష్టం లేదు. చచ్చి వదులైన ముడి మాత్రం వంగే చోట ఉంటే ఆ కర్ర పొయ్యిలోకే.

ఆరబెట్టడం తొందర పడని పని. కర్ర కొసల నుంచి తడి త్వరగా పోతుంది, దాంతో కొసలు పగులుతాయి. పేడా మట్టీ కలిపి కొసలకు మెత్తేవాళ్లం. మొదట నీడలో, కొన్ని వారాలయ్యాక పొయ్యి పైన అటక మీద. మాస్టార్లకు ఒక మాట. ఇది బడిలో చేసి చూపించొచ్చు. వారానికి ఒకసారి కర్రను తూచి పిల్లల చేత గోడ మీద రాయించండి. బరువు తగ్గుతూ తగ్గుతూ ఒకచోట ఆగుతుంది. ఆగిందంటే ఆ ఊరి గాలికి తగినంత ఆరినట్టు.

ఇక వంకర తీయడం. దీనికి నిప్పులు కావాలి, మంట కాదు. వంకర ఉన్న చోట ఇప్పనూనె రాసి, నిప్పుల పైన జానెడు ఎత్తున తిప్పుతూ కాచాలి. నల్లబడకూడదు. వేడి లోపలి దాకా పోవాలి. చెయ్యి పెడితే ఓర్చుకోలేనంత అయ్యాక, చెట్టు పంగలో దూర్చి నెమ్మదిగా వంచి, మేకుల మధ్య కట్టేసి చల్లారేదాకా కదపకూడదు. చెక్కలో నారను పట్టి ఉంచే జిగురులాంటిది వేడికి మెత్తబడుతుంది, చల్లారితే కొత్త రూపంలో బిగుసుకుంటుంది. కాచిన కర్ర బాగా పొడిబారి పెళుసుగా ఉంటుంది. కొన్ని రోజులు గాలిలో ఉంచి, కాస్త చెమ్మ పీల్చుకున్నాకే అల్లెతాడు ఎక్కించాలి. మెలినంతా తీయనక్కర్లేదు. తాడు పిడికిలి మీదుగా పోతే చాలు. "మిగిలిన వంకర దాని పుట్టుక. ఉండనీ," అనేవాడు తాత.

అన్నిటికన్నా ఓపిక కావలసింది వంపు చూసుకోవడంలో. మొదట కొసను నేలకు ఆనించి అరచేత్తో నొక్కి చూడాలి. తర్వాత పొడుగు తాడు కట్టి కొద్దిగా లాగి, గోడ ముందు నిలబడి రెండు రెక్కలూ ఒకేలా వంగుతున్నాయా అని చూడాలి. వంగని చోట గాజుపెంకుతో గీకాలి. ఎక్కువ వంగుతున్న చోటు జోలికి పోకూడదు. గీకినప్పుడల్లా ముప్పై నలభైసార్లు లాగి వదలాలి. తప్పు కనబడిన దగ్గర ఆగిపోవాలి, దాటి లాగకూడదు.

ఎందుకంత జాగ్రత్త? విల్లు బిగువు వెడల్పును బట్టి మామూలుగా పెరుగుతుంది, మందాన్ని బట్టి మాత్రం ఘనంగా పెరుగుతుంది. వెడల్పు సగమైతే బిగువు సగం. మందం సగమైతే బిగువు ఎనిమిదో వంతు. 20 మిల్లీమీటర్ల మందం 18 అయ్యిందనుకోండి. పోయింది రెండే మిల్లీమీటర్లు, కానీ బిగువులో దాదాపు 27 శాతం పోతుంది. తాతకు ఘనం అంటే తెలియదు. "కడుపు మీద ఒక గీకుడు, పక్కన పది గీకుళ్లు" అనేవాడు. లెక్క అదే.

నేను చదువుకున్న బడిలో ఒక పంతులుగారు కొండ పిల్లలం లెక్క చెప్పలేకపోతే "మొద్దులు" అనేవారు. తెలుగులో ఆ మాట తిట్టు. మా ఇంట్లో మొద్దంటే ఇంకా చదవని కర్ర. చీలికలు చూడాలి, ఎటు ఒరిగి పెరిగిందో అడగాలి, ముడి ఎక్కడుందో తడమాలి. ఆయన మమ్మల్ని అలా చూసి ఉంటే ఆ తిట్టు తిట్టే అయ్యేది కాదు. నాతో కూర్చున్నవాళ్లలో కొందరు ఆ మాట విని ఇంటికి వెళ్లి మళ్లీ రాలేదు. అందులో ఒకడి చేతి పని నా పనికన్నా మెరుగు. ఇప్పుడు నేనూ పంతుల్నే. ఆ మాట నా తరగతిలోకి రానివ్వను.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరం. విల్లు ఇప్పుడు జంతువు కోసం కాదు. భూదేవి పండుగకు మా ఊళ్లో అరటి బోదె నిలబెట్టి కొడతారు. మరి ఇంత కష్టం ఎందుకు, దుకాణంలో విల్లు కొనుక్కోవచ్చుగా అని పిల్లలు అడుగుతారు. కొనుక్కోండి. ఆటల్లోకి వెళ్లండి. రాజస్థాన్ ఆదివాసి కుర్రవాడు లింబారామ్ వెదురు విల్లుతో మొదలుపెట్టి ఒలింపిక్స్ దాకా వెళ్లాడు. కానీ 1922లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీదికి మనవాళ్లు వెళ్లిన సంగతి పుస్తకంలో చదువుతాం, పక్కన విల్లు బొమ్మ చూస్తాం. ఆ విల్లు ఏ చెట్టుది, ఎవరు చెక్కారు అని ఏ ప్రశ్నపత్రమూ అడగదు. జవాబు తెలిసినవాళ్లు ఊరికి ఒకరిద్దరున్నారు.

మా తాతకు ఇప్పుడు చెయ్యి వణుకుతోంది. కత్తి పట్టలేడు. చూపు కూడా మందగించింది. కానీ బొటనవేలితో కర్ర కడుపు మీద రాసి "ఇక్కడ లావుంది" అంటే అక్కడ లావుంటుంది. పోయిన చలికాలం నా మేనల్లుడు విరిగిన తడ కొమ్మ ఒకటి మోసుకొచ్చాడు. రెండు వంకరలు, ఒక పెద్ద ముడి. "మావా, ఇది పనికొస్తదా?" అని నన్నడిగాడు. "నన్ను కాదు, తాతని అడుగు," అన్నాను. ముసలాయన అరగంట దాన్ని తడిమి, "ముడి పిడికిట్లోకి వస్తాది. చీల్చు," అన్నాడు. వాడు చీల్చాడు. కొసలకు పేడ మెత్తి నీడలో పెట్టాం, ఇప్పుడు అటక మీదుంది. వాడు వారం వారం తూచి పలక మీద రాస్తున్నాడు. బరువు ఇంకా తగ్గుతూనే ఉంది.

వ్రాసి పెడితే చాలదని నాకు తెలుసు. ఈ నాలుగు పేజీలు చదివి ఎవరూ విల్లు చెయ్యలేరు. బొటనవేలికి తెలిసేది కాగితానికి ఎక్కదు. కాబట్టి మాస్టార్లను అడిగేది ఒక్కటే. మీ ఊళ్లో ఆ పని తెలిసిన ముసలాయన ఉంటే ఈ ఏడాదే బడికి పిలవండి. కుర్చీ వెయ్యండి, కర్ర ఒకటి చేతికివ్వండి, పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టండి. వచ్చే ఏడాది పిలుద్దాంలే అనుకోకండి.