గ్లవ్స్ వేసుకున్న వేలు

జీపీఎస్ కొనబోయేవాడి చూపు ముందు డబ్బా మీది అంకెల మీదే పడుతుంది. ఎన్ని ఉపగ్రహాలు, ఎన్ని మీటర్ల కచ్చితత్వం, ఎన్ని గంటల బ్యాటరీ. ఒరెగాన్‌లో మట్టిబాటల మీద బండి నడుపుతూ, ఎవరో దాచిన డబ్బాలను జీపీఎస్‌తో వెతికే జియోక్యాషింగ్ ఆట మొదలుపెట్టిన కొత్తలో నేనూ అలాంటి పట్టికే ఒకటి వేసుకున్నాను. మా ఆఫీసులో నాకంటే చాలా ముందే ఈ పిచ్చి తగులుకున్న పెద్దాయన ఒకరున్నారు, గుంటూరు మనిషి. పట్టిక పైనుంచి కిందికి చూసి, "కొట్టుకి బండి గ్లవ్స్ పట్టుకెళ్ళు. అవి వేసుకుని నొక్కి చూడవయ్యా" అన్నారు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు.

ఈ ఆట పుట్టింది మా పోర్ట్‌లాండ్ పక్కనే. పౌరులు వాడే జీపీఎస్ సంకేతాల్లో కావాలని కలిపే తేడాను 2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం ఆపేసింది. అప్పటిదాకా వంద మీటర్ల వరకు అటూ ఇటూ చూపించే యంత్రాలు ఒక్క రాత్రిలో దారికొచ్చాయి. మే 3న డేవ్ అల్మర్ అనే ఆయన బీవర్‌క్రీక్ దగ్గర అడవిలో ఓ బకెట్ పెట్టి, అది ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో సహా ఇంటర్నెట్‌లో చెప్పేశాడు. బకెట్లో ఇతర సరంజామాతో పాటు ఒక బీన్స్ డబ్బా కూడా ఉండేదట. ఎవరి కోసమో నాకిప్పటికీ అంతుపట్టదు.

నేను తిరిగేది టిల్లముక్ అడవిలో, ఆరో నంబరు హైవే పక్క బ్రౌన్స్ క్యాంప్ చుట్టూ ఉన్న బండి బాటల్లో. 1933లో తగలబడి, ఆ తర్వాత ఆరేళ్ళకోసారి అన్నట్టు 1951 దాకా మళ్ళీ మళ్ళీ కాలిన అడవి అది. 1949 నుంచి ఏడు కోట్లకు పైగా మొక్కలు నాటారు. నాటినవాళ్ళలో పోర్ట్‌లాండ్ బడిపిల్లలు కూడా ఉన్నారు. ఆ పిల్లలు పెట్టిన డగ్లస్ ఫర్ చెట్లే ఇవాళ నా నెత్తి మీద ఆకాశాన్ని మూసేస్తాయి. తడిసిన ఆకుల గుండా వచ్చేసరికి ఉపగ్రహ సంకేతం నీరసపడుతుంది. కొంత సంకేతం కొండవాలుకి తగిలి చుట్టు తిరిగి వస్తుంది. వచ్చిన సమయాన్ని బట్టి దూరం లెక్కగట్టే యంత్రం, ఆ ఆలస్యాన్ని కూడా దూరమనే అనుకుంటుంది. డబ్బా మీద రాసిన మూడు మీటర్లు ఇక్కడ పది, పదిహేను అవుతాయి.

అలాగని ఖరీదైన యంత్రం కొంటే ఈ బాధ తీరుతుందా అంటే, సగమే తీరుతుంది. క్యాష్ (వెతికే డబ్బాని అలా అంటారు) దాచినవాడు కూడా ఇవే చెట్ల కింద నిలబడి తన యంత్రం చూపిన అంకెలే రాసుకున్నాడు. ఆయన తేడా, నా తేడా రెండూ కలుస్తాయి. ఆటలో స్థానాన్ని నిమిషంలో వెయ్యో వంతు దాకా రాస్తారు. అక్షాంశంలో అది సుమారు 1.85 మీటర్లు. అంత సన్నగా రాసిన అంకె చూస్తే నమ్మబుద్ధవుతుంది గానీ, రాసినవాడికే అంత గట్టిగా తెలియదు. అందుకే పది మీటర్ల లోపుకి రాగానే యంత్రాన్ని జేబులో పడేసి, నేనైతే డబ్బాను ఎక్కడ దాస్తానా అని చుట్టూ చూడటం మేలు. పుచ్చిన మొద్దు బోలు, వేళ్ళ సందు, అసహజంగా పేర్చిన కర్రముక్కలు: వీటిని పట్టేది కన్నే.

కాబట్టి బండి మీద తిరిగేవాడు యంత్రాన్ని ఎంచుకోవాల్సింది ఆ చివరి పది మీటర్ల కోసం కాదు, అంతకు ముందున్న గంటల కోసం. అక్కడే గ్లవ్స్ సంగతి అర్థమైంది. చెట్ల వేర్లూ గాడులూ ఉన్న బాటలో రెండు వేళ్ళు క్లచ్ మీద ఉంచి, మ్యాపు పెద్దది చేసుకోవాలి. టచ్ స్క్రీన్‌కి బురద గ్లవ్స్ పనికిరావు. పైగా వాన చినుకులే దాన్ని నొక్కేస్తుంటాయి. ఒరెగాన్‌లో వానకి కొదవేమిటి! ఈట్రెక్స్ రకం జీపీఎస్‌లలో కొన్నిటికుండే బుల్లి జాయ్‌స్టిక్ నడిచేవాళ్ళకి హాయి, లావు గ్లవ్స్‌కి అందదు. పెద్ద బటన్లు, పైకి పొడుచుకొచ్చిన యాంటెన్నా ఉన్న జీపీఎస్‌మ్యాప్ 64ఎస్ నాకు కుదిరింది. దాని తర్వాత వచ్చిన 65ఎస్ రెండు పౌనఃపున్యాలను అందుకుంటుంది కాబట్టి చెట్ల కింద దానిదే పైచేయి. చేతిలో డబ్బులుంటే అదే తీసుకోవచ్చు.

ఫోన్ చాలదా అని చాలామంది అడుగుతారు. మోటార్‌సైకిల్ ఇంజిన్ అదురుకి ఐఫోన్ కెమెరా పాడయ్యే అవకాశముందని 2021లో ఆపిల్ వాళ్ళే హెచ్చరించారు. మ్యాపు చూసీ చూసీ ఛార్జింగ్ అయిపోయిన ఫోన్‌తో అడవిలో సహాయానికి పిలవడం కూడా కుదరదు. అదురు జీపీఎస్‌నీ వదలదు. ఏఏ సెల్లు స్ప్రింగును రెప్పపాటు వదిలినా యంత్రం ఆగిపోవచ్చు. బండి బ్యాటరీ నుంచి యూఎస్‌బీ తీగ లాగితే ఆ గొడవ ఉండదు. సెల్లు అప్పుడు నడకకి మిగులుతాయి.

దిక్సూచి గురించి కొట్లో ఎవరూ అడగరు, నన్నడిగితే అడగాలి. బండి కదులుతున్నంతసేపూ యంత్రానికి ఎటు పోతున్నామో తెలుస్తుంది. ఆగితే, అయస్కాంత దిక్సూచి లేని దాంట్లో ముల్లు తోచినట్టు తిరుగుతుంది. సరిగ్గా మనం ఆగి వెతికేటప్పుడే! మూడు అక్షాల దిక్సూచి అయితే యంత్రాన్ని ఎలా పట్టుకున్నా చెబుతుంది. ట్యాంకు మీద అయస్కాంతంతో అతుక్కునే సంచి ఉంటే మాత్రం దాని పక్కన పెట్టకూడదు. బండి బాట దిగకూడదు కనుక చివరి కాస్త దూరం బూట్లతోనే నడవాలి. అందుకని మౌంటు నుంచి యంత్రం ఒంటి చేత్తో ఊడి రావాలి.

అడవిలో ఒంటరిగా తిరిగేవాళ్ళకి జీపీఎస్‌మ్యాప్ 66ఐ బాగా నచ్చుతుంది. సిగ్నల్ లేని చోటు నుంచి ఉపగ్రహం ద్వారా సందేశం పంపుతుంది. నేనూ దాని మీద కన్నేశాను. దాన్ని సెలవులకి ఇంటికి తీసుకెళ్ళి నల్లమలలో తిరగాలని ఉందంటే పెద్దాయన వారించారు. అనుమతి లేకుండా ఉపగ్రహ సందేశ పరికరం భారతదేశంలోకి తీసుకెళ్తే విమానాశ్రయంలోనే ఆపి కేసు పెట్టవచ్చు. సందేశాలు పంపని నా 64ఎస్ సంగతి కూడా ముందే కనుక్కోవాలి. ఫరవాలేదని తేలితే ఊరికి వెళ్ళేటప్పుడు పెట్టెలోకి వెళ్ళేది అదే, గ్లవ్స్‌తో సహా.